మలేరియా జోడీ గోలీలు: ఏది బాగా పనిచేస్తది, ఏది ఒంటికి పడ్తది

వానలు పడి గుంతలల్ల నీళ్ళు నిలిచినయంటే మన పాలమూరు, నల్లగొండ దిక్కు జ్వరాల ముచ్చట మొదలైతది, దాంతో పాటు ఒక గందరగోళం కూడా. దేవరకొండ దిక్కు తండా నుంచి బొంబాయి బిల్డింగ్ పనికి పోయి చలిజ్వరంతో తిరిగొచ్చిన పిలగానికి క్లోరోక్విన్ మూడు రోజులు, ఇంకో గోలి పద్నాలుగు రోజులు ఇస్తరు. ఇక్కడ లిఫ్ట్ ఇరిగేషన్ సైట్ మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్ లేబర్‌తోని కలిసి పనిచేసే మనిషికి కూడా మలేరియానే అని చెప్పి వేరే ప్యాకెట్ చేతిల పెడ్తరు. అస్సాంల డ్యూటీ చేసే మేనల్లుడు ఫోన్ చేసి నాకైతే 24 గోలీలిచ్చిన్రు మామా అంటడు. ముగ్గురికీ మలేరియానే అయితే మూడు రకాల మందులేంది, వీటిల్ల ఏది మంచిది, మనోళ్ళకు తక్కువ రకం ఏమన్న ఇస్తున్నరా అని అడిగేటోళ్ళు మస్తు మంది.

ఏది మంచిది అనే ప్రశ్నకు ఒక్క ముక్కల జవాబు లేదు, అట్లని డాక్టర్లు ఇష్టమొచ్చినట్టు ఇస్తున్నరని కూడా కాదు. మలేరియా జోడీ మందులల్ల మొదటి మందు దాదాపు అన్నిట్ల ఒక్క కుటుంబందే ఉంటది. తేడా అంతా రెండో మందుది. ఎన్ని గోలీలు, ఎప్పుడు మింగాలె, తిన్నంకనా తినకముందా, కడుపుల తిప్పుతదా, ఏ రాష్ట్రంల పనిచేస్తది ఏ రాష్ట్రంల చెయ్యది, ఇవన్నీ ఆ రెండో దాని చేతిల ఉంటయి.

ముందుగాల: మలేరియా ఒక్కటి కాదు

మనిషికి మలేరియా తెచ్చే క్రిములు ఐదు రకాలుంటయి కానీ మన దేశంల ముఖ్యంగా లెక్కకొచ్చేవి రెండే, ఫాల్సిపరం, వైవాక్స్. ఫాల్సిపరం తొందరగ ముదురుతది, మెదడుకెక్కి, కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువ దాంతోనే. వైవాక్స్ అంత తొందరగ చంపకపోవచ్చు కానీ దానికి ఒక చెడ్డ అలవాటుంది, లివర్‌ల కొన్ని క్రిములు నిద్రపోయినట్టు దాక్కొని వారాలకో నెలలకో మళ్ళ లేస్తయి, అప్పుడు దోమ కుట్టకున్నా జ్వరం వస్తది.

అందుకే ఆశా కార్యకర్త వేలు మీద సూదితోని పొడిచి చుక్క రక్తం కిట్ మీద వేసినప్పుడు అండ్ల గీతలు వేరువేరుగ ఉంటయి, ఏ గీత వచ్చిందనే దాన్ని బట్టే మందు. బొంబాయి నుంచి వచ్చిన పిలగానిది వైవాక్స్, సైట్ మీది మనిషిది ఫాల్సిపరం. మన దేశంల వైవాక్స్‌కు క్లోరోక్విన్ ఇప్పటికీ బాగనే పనిచేస్తున్నది, అందుకే అది పాత మందే అయినా తక్కువ రకం మందు కాదు. జోడీ మందుల కథ ఎక్కువగ ఫాల్సిపరందే.

(మలేరియా క్రిమి దోమ కడుపుల ఉంటదని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లనే, 1897 ఆగస్టు 20 నాడు. దోమల దినం అని ఏటా ఆ తారీఖే జరుపుతరు, మనోళ్ళల్ల సగం మందికి ఈ సంగతి తెల్వది.)

ఒక్క మందు ఎందుకు సరిపోలే

క్లోరోక్విన్ ఒకప్పుడు చలిజ్వరానికి రాజు. అగ్గువ, మూడు రోజుల్ల పని అయిపోతది. 1950ల చివర్ల థాయిలాండ్, కంబోడియా సరిహద్దుల ఫాల్సిపరం దానికి లొంగుడు బంద్ చేసింది, మన దేశంల 1973ల అస్సాంల మొదటిసారి బయటపడ్డది, తర్వాత మెల్లమెల్లగ అన్ని దిక్కులకు పాకింది. దాని జాగల వచ్చిన సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, అందరూ ఎస్పీ అంటరు, అది కూడా ఒక్కదాన్నే వాడిన కాడల్ల కొన్నేండ్లకే బలం పోగొట్టుకున్నది.

ఎందుకట్ల అయితదంటే ఒక లెక్క చూద్దాం, అంకెలు లెక్క కోసమే అనుకున్నవి. ఒక మందును తట్టుకునే క్రిమి కోటిల ఒకటి పుడతది అనుకోండి, ఇంకో మందును తట్టుకునేది పది లక్షలల్ల ఒకటి. జ్వరం వచ్చిన మనిషి రక్తంల వందల కోట్ల క్రిములుంటయి కాబట్టి, ఒక్క మందు ఇస్తే తట్టుకునేటివి ఎన్నో కొన్ని దొరుకుతనే ఉంటయి, మిగిలినవన్నీ చచ్చి అవే పెరుగుతయి. రెండు మందులూ ఒక్కసారి ఇస్తే రెంటినీ తట్టుకునే క్రిమి కావాలె, అది పది లక్షల కోట్లల్ల ఒకటి. ఒక్క మనిషి ఒంట్ల అసొంటిది ఉండుడు చాలా అరుదు. టీబీకి కూడా ఒక్క మందు ఇయ్యకుండ కలిపి ఇచ్చేది ఇందుకే.

చైనాల తూ యూయూ అనే శాస్త్రవేత్త 1970లల్ల ఒక పాత ఔషధ మొక్క నుంచి ఆర్టెమిసినిన్ బయటికి తీసింది, 2015ల నోబెల్ వచ్చింది ఆమెకు. ఈ ఆర్టెమిసినిన్ కుటుంబం మందు ఒకటి, దానికి తోడు వేరే మందు ఒకటి, ఈ జోడీనే ఏసీటీ అంటరు. ఆర్టిసునేట్, ఆర్టిమీథర్, డైహైడ్రో ఆర్టెమిసినిన్, పేర్లు వేరైనా అన్నీ ఆ కుటుంబం పిల్లలే.

మూడు రోజుల్ల ఒంట్లె ఏం జరుగుతది

ఆర్టెమిసినిన్ రకం మందుకు వేగం ఎక్కువ, ఆయుష్షు తక్కువ. గంట రెండు గంటలల్ల రక్తంల సగానికి పడిపోతది. కానీ ఉన్నంతసేపు దాని దెబ్బ గట్టిది, క్రిమి ఒక తరం పెరగనీకి పట్టే 48 గంటలల్ల సంఖ్యను సుమారు పదివేల వంతులు తగ్గిస్తది.

ఒక మనిషి రక్తంల వెయ్యి కోట్ల క్రిములున్నయనుకుందాం. మొదటి 48 గంటల తరంల పదివేల వంతులు తగ్గితే పది లక్షలు మిగులుతయి. మూడు రోజుల కోర్సు రెండు తరాలకు తగులుతది కాబట్టి ఇంకో పదివేల వంతులు తగ్గితే మిగిలేది వంద. జ్వరం ఎప్పుడో పోయింది, మనిషి లేచి పనికి కూడా పోయిండు, రక్తం పరీక్ష చేస్తే ఏం కనపడది, కానీ ఆ వంద ఉన్నయి. అక్కడ ఆపితే వారం పది రోజులకు అవి మళ్ళ పెరుగుతయి. అందుకే ఆర్టిసునేట్ ఒక్కటే ఇయ్యాలంటే ఏడు రోజులు కావాలె, మూడు రోజులకు ఆపితే మస్తుమందికి తిరగబెడ్తది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006ల ఒంటరి ఆర్టెమిసినిన్ గోలీలు అమ్ముడు బంద్ చెయ్యమని కంపెనీలను అడిగింది కూడా ఇందుకే.

ఆ మిగిలిన వందను చూసుకునేది రెండో మందు. పత్తి చేన్ల గుంటుక తోలినంక సాళ్ళ నడుమ మిగిలిన గడ్డి పీకనీకి కూలోళ్ళు దిగినట్టు, అది నిదానంగ, ఎక్కువ రోజులు రక్తంల ఉండి పని పూర్తి చేస్తది. రెండో మందుగ వాడేటివాట్ల ల్యుమెఫాంట్రిన్ రక్తంల సగానికి తగ్గనీకి మూడు నుంచి ఆరు రోజులు పడ్తది, మెఫ్లోక్విన్‌కు రెండు మూడు వారాలు, పిపెరాక్విన్‌కు మూడు నాలుగు వారాలు.

ఇప్పుడు ఇదే లెక్కను కొద్దిగ మార్చి చూడండి. కంబోడియా దిక్కు క్రిములు ఆర్టెమిసినిన్‌కు సగం సగం లొంగుడు మొదలుపెట్టినయి, కెల్చ్-13 అనే జన్యువుల మార్పుతోని అట్ల అయితదని 2014ల తేలింది. అసొంటి క్రిమి మీద ఒక్కో తరానికి పదివేల వంతుల బదులు వంద వంతులే తగ్గుతదనుకోండి. వెయ్యి కోట్లు పది కోట్లైతయి, పది కోట్లు పది లక్షలైతయి. అంటే రెండో మందు ముంగట వంద కాదు, పది లక్షలు నిలబడ్డయి. రెండో మందు గట్టిదైతే అయినా గెలుస్తది, అది కూడా బలహీనమైతే మొత్తం జోడీ కూలుతది. ఆర్టెమిసినిన్‌కు లొంగుడు తగ్గిందని వార్త రాంగనే అన్ని జోడీలు ఒక్కసారి ఎందుకు ఫెయిల్ కావో ఈ లెక్కతోని అర్థమైతది.

మన దగ్గర తెల్ల ప్యాకెట్, అస్సాంల 24 గోలీలు

మన జాతీయ పద్ధతిల 2010 నుంచి దేశమంతా ఫాల్సిపరంకు ఆర్టిసునేట్, ఎస్పీ జోడీ. వయసును బట్టి రంగు ప్యాకెట్లు, ఏడాదిలోపు పిల్లలకు గులాబి, తర్వాత పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, పదిహేనేండ్లు దాటినోళ్ళకు తెలుపు. చదువు రాకున్నా తప్పు పడొద్దని ఈ రంగులు పెట్టిన్రు, నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంల మంచిగ ఆలోచించి చేసిన పని ఇది. తెల్ల ప్యాకెట్ విప్పితే మూడు రోజులకు మూడు ఆర్టిసునేట్ గోలీలు, ఎస్పీవి రెండు గోలీలు మొదటి రోజుకే. అంటే రెండో మందు మొత్తం ఆశా అక్క ముంగటనే, మొదటి రోజే కడుపులకు పోతది. రెండో రోజు ప్రైమాక్విన్ ఒక్క మోతాదు, అది మనిషి కోసం కాదు, దోమ ద్వారా పక్కింటోళ్ళకు అంటకుండ.

ఈశాన్య రాష్ట్రాలల్ల కథ మారింది. అక్కడి క్రిములకు ఎస్పీని తట్టుకునే జన్యు మార్పులు ఎక్కువై, మందు తీసుకున్నంక తిరగబెట్టే కేసులు పెరిగినయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత ఏందంటే ఒక మందు నూటికి పది మందిల ఫెయిలైతే దాన్ని మార్చాలె, కొత్తగ తెచ్చేది 95 కన్నా ఎక్కువ మందిల పనిచెయ్యాలె. ఆ గీత దాటినందుకు 2013ల అక్కడ ఆర్టిమీథర్, ల్యుమెఫాంట్రిన్ జోడీకి మార్చిన్రు, దాన్నే ఏఎల్ అంటరు. పెద్దోళ్ళకు పూటకు నాలుగు గోలీలు, రోజుకు రెండు పూటలు, మూడు రోజులు, లెక్కేస్తే 24. మేనల్లుడికి ఇచ్చింది అదే. అక్కడ మంచి మందు, ఇక్కడ చెత్త మందు అని కాదు, అక్కడి క్రిమి వేరు.

ఎస్పీ ఒక్కటే ఎందుకు, దేశాల సంగతి కూడా ఇంతే. పిపెరాక్విన్ జోడీ ఆఫ్రికాల 95 శాతం పైన పనిచేస్తున్నదని ట్రయల్స్, అంటే రోగులకు మందు ఇచ్చి లెక్కవెట్టి చూసే పరీక్షలు, చెప్పినయి, అదే మందు కంబోడియా, థాయిలాండ్, వియత్నాంల చేసిన ట్రయల్‌ల 42 రోజులకు నయమైనోళ్ళు 48 శాతమే. ఒక్కటే గోలి, ఒక్కటే మోతాదు. ఊరు పేరు లేకుండ "ఈ మందు ఇంత శాతం పనిచేస్తది" అని రాస్తే ఆ మాటకు అర్థం లేదు.

97 శాతం అంటే ఏం లెక్కవెట్టిన్రు

ట్రయల్ రిపోర్టులల్ల రెండు రకాల శాతాలుంటయి, పేపర్లల్ల వార్త రాసేటప్పుడు ఒకటి తీసుకొని ఇంకోటి వదిలేస్తరు, అక్కడ్నే జనం పరేషానైతరు.

వంద మందికి మందు ఇచ్చి 28 రోజులు చూసిన్రనుకుందాం. ఎనిమిది మందికి మళ్ళ క్రిములు కనపడ్డయి. చూడంగనే మందు 92 శాతం పనిచేసింది అనిపిస్తది. కానీ ఆ ఎనిమిది మందిల కొందరికి ఈ మధ్యల కొత్తగ దోమ కుట్టి వచ్చి ఉండొచ్చు కదా, అది మందు తప్పు కాదు. అందుకే మొదటి రోజు రక్తంల క్రిమి జన్యువు, తిరగబెట్టిన రోజు క్రిమి జన్యువు పక్కపక్కన పెట్టి చూస్తరు. ఐదుగురిల కొత్త క్రిమి, ముగ్గురిల పాతదే అని తేలిందనుకోండి, ఆ ఐదుగురిని లెక్కల నుంచి తీస్తే 95 మందిల 92 మందికి నయమైంది, అంటే సుమారు 97 శాతం. ఒక్కటే ట్రయల్, 92 నిజమే, 97 నిజమే. మొదటిది మనిషికి మళ్ళ జ్వరం వచ్చిందా అని చెప్తది, రెండోది మందుల బలముందా అని చెప్తది.

ఎన్ని రోజులు చూసిన్రనేది కూడా ముఖ్యమే. పిపెరాక్విన్ వారాల తరబడి రక్తంల ఉంటది కాబట్టి 28 రోజుల దాకా కొత్త క్రిమిని కూడా రానియ్యది, మొదటి లెక్కల అది ఏఎల్ కన్నా బాగ కనపడ్తది. దోమ కాటు ఎడతెగకుండ ఉండే ఉగాండా ఊర్లల్ల చిన్నపిల్లలకు ఇది నిజంగ పెద్ద లాభం, నెల రోజులు జ్వరం లేకుండ ఉంటరు. నాగర్‌కర్నూల్‌లనో సూర్యాపేటలనో నెలల్ల రెండోసారి మలేరియా దోమ కుట్టుడే అరుదు, ఆ లాభం ఇక్కడ ఎవ్వలకు కావాలె? పైగ దానికి ఇంకో ముఖం ఉంది, మందు మెల్లగ తగ్గుకుంట చివరి వారాలల్ల చంపలేనంత పలచగ మిగులుతది, ఆ టైంల వచ్చిన కొత్త క్రిమి బతికి ఆ మందును తట్టుకునుడు నేర్చుకుంటది. ఎక్కువ రోజులు ఒంట్ల ఉండే రెండో మందులను 28 రోజులు కాదు 42 రోజులు చూడాలని రూల్ పెట్టింది అందుకే, లేకుంటే ఫెయిలైనవి 28వ రోజు తర్వాత బయటపడి లెక్కకు రాకుండ పోతయి.

ట్రయల్‌ల నయమవుడు వేరు, ఇంటికాడ నయమవుడు వేరు

ట్రయల్‌ల నర్సు ముంగట నిలవడి ప్రతి మోతాదు మింగిపిస్తది, కక్కితే మళ్ళ ఇస్తది. సైట్ మీద రేకుల షెడ్డుల ఉండే మనిషి సంగతి చూడండి. సాయంత్రం నాలుగింటికి ఏఎల్ మొదటి నాలుగు గోలీలు ఇచ్చిన్రనుకోండి. రెండో మోతాదు ఎనిమిది గంటలకు, అంటే అర్ధరాత్రి పన్నెండింటికి, ఎవ్వలు లేపాలె? తర్వాత రెండు రోజులు పొద్దుమాపు. ల్యుమెఫాంట్రిన్ నూనె, పాలు, కొవ్వు లేకుంటే ఒంటికి ఎక్కది, కొవ్వున్న తిండి తిన్నంక వేసుకుంటే ఉత్త కడుపు మీద కన్నా పదహారు రెట్లు ఎక్కువ ఎక్కుతదని ఆరోగ్యంగ ఉన్నోళ్ళ మీద చూసిన్రు. చిన్న గ్లాసు పాలల్ల ఉండే కొవ్వు చాలు, కానీ జ్వరం మనిషి నోరు చేదై గంజి కూడా తాగడు. రెండో రోజుకు జ్వరం దిగుతది, మూడో రోజు పొద్దున పనికి ఎక్కుతడు, మిగిలిన గోలీలు అంగి జేబుల ఉంటయి.

అంకెలల్ల పెట్టి చూద్దాం, ఇవి కూడా లెక్క కోసం అనుకున్నవే. ఏఎల్ పూర్తిగ మింగినోళ్ళల్ల 97 శాతం నయం, మధ్యల ఆపినోళ్ళల్ల 75 శాతం. వందల ముప్పై మంది మధ్యల ఆపితే: 70 మందిల 68, ముప్పై మందిల 22 లేదా 23, మొత్తం సుమారు 90. ఇగ ఆర్టిసునేట్-ఎస్పీ పూర్తిగ మింగినోళ్ళల్ల 95 శాతం, ఎస్పీ మొదటి రోజే పడింది కాబట్టి ఆపినోళ్ళల్ల 85 శాతం, ఆపేటోళ్ళు కూడా పది మందే అనుకుందాం: 90 మందిల 85 లేదా 86, పది మందిల 8 లేదా 9, మొత్తం 94. ట్రయల్‌ల ఓడిన మందు ఊర్ల గెలిచింది. ఎస్పీ బలం తగ్గిన జాగల ఈ లెక్క తలకిందులైతది అనేది కూడా మర్చిపోవద్దు, పునాది గట్టిగున్నంతసేపే ఈ సౌకర్యం.

ఒంటికి పడుడు: చిన్న ఇబ్బందులు, అరుదైన పెద్దవి

మందుతోని కక్కుళ్ళు, తల తిరుగుడు వచ్చినయి అంటరు, మలేరియాతోని కూడా అవే వస్తయి. అందుకే ఒక్క మందు తీసుకున్నోళ్ళల్ల ఇంతమంది కక్కిన్రు అనే అంకె ఒంటరిగ ఏం చెప్పది, ఇంకో జోడీ తీసుకున్నోళ్ళ పక్కన పెట్టి తేడా చూడాలె. అట్ల చూసినప్పుడు ఏఎల్ చాలామందికి పడేదే. అమోడియాక్విన్ కలిపిన జోడీల కక్కుళ్ళు, నీరసం ఎక్కువ. మెఫ్లోక్విన్‌కు నిద్ర పట్టకపోవుడు, పిచ్చి కలలు, తల తిరుగుడు, కొందరిల మనసు మీద గట్టి ప్రభావం, అమెరికా మందుల సంస్థ 2013ల దాని మీద పెద్ద హెచ్చరిక పెట్టింది. పిపెరాక్విన్‌తోని గుండె కరెంటు లయల కొద్దిగ మార్పు వస్తది, ఈసీజీల కనపడ్తది. చిత్రమేందంటే ఏఎల్‌ను కొవ్వుతోని తినమంటే దీన్ని కడుపు ఖాళీగ ఉన్నప్పుడు వేసుకోమంటరు, కొవ్వుతోని వేసుకుంటే రక్తంల మోతాదు మూడు రెట్లయి గుండె మీద భారం పెరుగుతది. పైరొనారిడిన్ జోడీతోని లివర్ ఎంజైములు పెరుగుతయి, ఎక్కువమందిల అవే దిగుతయి.

ఇవన్నీ ట్రయల్‌ల కనపడేటివి. కనపడనివి ఇంకో రకం. ఐదు వందల మందిల ఒక్కరికి కూడా ఏం కాలేదంటే ఆ మందు వంద శాతం సేఫ్ అని కాదు, లెక్కలోళ్ళ రూల్ ప్రకారం మూడును ఐదు వందలతోని భాగిస్తే వచ్చేదాకా, అంటే సుమారు 167 మందిల ఒకరికి ఏదైనా అయ్యే అవకాశాన్ని ఆ ట్రయల్ తోసెయ్యలేదు. ఎస్పీల సల్ఫా ఉంటది, సల్ఫా పడనోళ్ళకు ఒళ్ళంతా చర్మం ఊడిపోయే జబ్బు రావొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. 1980లల్ల అమెరికా ప్రయాణికులు ముందు జాగ్రత్తగ ప్రతి వారం ఎస్పీ వేసుకున్నప్పుడు 11 వేల నుంచి 25 వేల మందికి ఒకరు చొప్పున అట్ల చనిపోయిన్రని లెక్క తేలింది. ఆ అంకె చూసి తెల్ల ప్యాకెట్‌కు భయపడుడు సరికాదు, అది వారం వారం వేసుకున్నోళ్ళ లెక్క, జబ్బుకు ఒక్కసారి మింగినోళ్ళది కాదు. కానీ నాకు సల్ఫా పడది అన్న మనిషిని ఎందుకు పక్కన కూర్చోబెట్టి మళ్ళ అడుగుతరో దీంతోని తెలుస్తది.

బాగ పనిచేసే మందు కూడా ఒంటికి పడక ఆగిపోయిన ముచ్చట ఒకటుంది. ఆర్టిసునేట్‌కు క్లోర్‌ప్రోగ్వానిల్-డాప్సోన్ జతచేసి ఆఫ్రికా పిల్లలకోసం ఒక జోడీ తయారు చేసిన్రు, అగ్గువ, ఆశలు మస్తు పెట్టుకున్నరు. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లలకు డాప్సోన్ పడితే ఎర్ర రక్త కణాలు పగిలి రక్తం పడిపోయింది. 2008ల ఆ పని మొత్తం బంద్.

మన ప్రైమాక్విన్‌కు కూడా ఇదే అడ్డు. వైవాక్స్ లివర్‌ల దాక్కున్న క్రిమిని చంపనీకి పద్నాలుగు రోజులు ఇచ్చే గోలి అదే. ఎంజైము తక్కువున్న మనిషికి మూడు నాలుగు రోజులకు మూత్రం నల్లటి చాయ్ రంగుకు తిరుగుతది, కండ్లు పచ్చబడ్తయి, ఆయాసం వస్తది. అమ్రాబాద్ అడవి పెంటలల్ల ముందే రక్తం తక్కువున్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు, దగ్గర్ల దవాఖాన కూడా ఉండది. గర్భిణులకు, పసిపిల్లలకు ఈ గోలి ఇయ్యనే ఇయ్యరు. ఇంకోదిక్కు, భయపడి ఎవ్వలకూ ఇయ్యకుంటే వైవాక్స్ మళ్ళమళ్ళ తిరగబెట్టి అదే రక్తం తాగుతది. టాఫెనోక్విన్ అనే మందు ఒక్క మోతాదు చాలు, 2018ల అమెరికాల ఒప్పుకున్నరు, కానీ అది ఒంట్ల వారాలు ఉంటది, పడకపోతే గోలి ఆపి తప్పించుకునే దారి లేదు, ఎంజైము పరీక్ష ముందు చెయ్యకుండ ఇయ్యరాదు.

గర్భిణులల్ల మొదటి మూడు నెలల ముచ్చట వేరే. మన పాత పద్ధతిల అప్పుడు క్వినైన్ ఏడు రోజులు, చెవులల్ల గుయ్యిమని మోత, షుగర్ పడిపోవుడు, సగంల ఆపేటోళ్ళు కూడా మస్తు మంది. ఏఎల్‌తోని కడుపుల పిల్లకు ఎక్కువ నష్టమేం లేదని సాక్ష్యం కూడినంక 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి మూడు నెలలల్ల కూడా ఏఎల్ ఇయ్యొచ్చని చెప్పింది. ఒక మందు సేఫా కాదా అనేది కూడా ఏండ్లు గడిస్తే మారుతదనడానికి ఇది ఒకటి.

ఇగ వాదనలు ఎక్కడున్నయి

ఒక వాదన, దేశమంతా ఏఎల్‌కు మారాలె. ఎస్పీని తట్టుకునే క్రిములు ఈశాన్యంల ఆగుతయని గ్యారంటీ లేదు, లేబర్ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిరుగుతనే ఉంటరు, ఏఎల్ అయితే వైవాక్స్ మీద కూడా పనిచేస్తది కాబట్టి రెండూ కలిసి వచ్చినోళ్ళకు ఒక్కటే సరిపోతది, ఎస్పీ వైవాక్స్ మీద నమ్మదగ్గది కాదు. ఇంకో వాదన, ఎస్పీ పనిచేసే కాడ దాన్ని తీసెయ్యుడెందుకు, మొదటి రోజే మింగిపిచ్చే సౌకర్యం ఏఎల్‌కు లేదు, అందరికీ ఏఎల్ ఇచ్చి దాన్నీ అరగదీస్తే తర్వాత ఏం మిగులుతది? నాకు రెండో వాదనల బరువు కనపడ్తది, కానీ అది ఒక షరతు మీద నిలవడ్తది, ఏటా కొన్ని జాగలల్ల మందు ఇచ్చినంక రోగులను 28 రోజులు వదలకుండ చూసి, శాతం ఎంతుందో తెలుసుకుంటనే ఉండాలె. కేసులు తగ్గిన జిల్లాలల్ల ఆ ట్రయల్‌కు సరిపడ రోగులే దొరకరు, కాబట్టి మన దగ్గర పనిచేస్తున్నదా లేదా అనేది పక్క రాష్ట్రాల అంకెల నుంచి ఊహించుకునుడే ఎక్కువ.

ఇంకో పంచాయితీ మూడు మందులది. రెండు చాలకుంటే మూడు కలుపుదామని 2020ల అచ్చైన పెద్ద ట్రయల్ చూసింది, మన దేశం సెంటర్లు కూడా అండ్ల ఉన్నయి. పిపెరాక్విన్ జోడీ 48 శాతానికి పడిపోయిన మూడు దేశాలల్లనే దానికి మెఫ్లోక్విన్ కలిపితే 98 శాతానికి లేసింది. ఈ రెంటినీ కలపడానికి కారణముంది, క్రిమి ఒకదాన్ని తట్టుకునే తీరుకు మారితే ఇంకోదానికి దొరుకుతది, రెండు దిక్కులకు ఒక్కసారి మారుడు దానికి కష్టం. కానీ ఏఎల్ బాగ పనిచేసే జాగలల్ల దానికి అమోడియాక్విన్ కలిపితే 97 కాస్తా 98 అయింది, అంతే. మనిషికి ఇప్పుడు వచ్చే లాభం ఒక్క శాతం, కక్కుళ్ళు కొద్దిగ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ముందు ముందు మందు చెడిపోకుండ ఉండనీకి ఇప్పటి రోగి ఆ ఇబ్బంది పడాల్నా అనేదే అసలు తగాదా. 2020 తర్వాత రువాండా, ఉగాండాలల్ల కూడా ఆర్టెమిసినిన్‌కు సగం సగం లొంగే క్రిములు అక్కడికక్కడే పుట్టినయని తేలినంక, పడాల్సిందే అనేటోళ్ళ గొంతు పెరిగింది.

ఆర్టెమిసినిన్ లేకుండనే జోడీ చేద్దామని కూడా పని నడుస్తున్నది. గానాప్లాసైడ్ అనే కొత్త రకం మందును ఫేజ్ 3 దాకా, అంటే ఎక్కువమంది రోగుల మీద చూసే పెద్ద ట్రయల్ దాకా, తెచ్చిన్రు, రోజుకు ఒక్కసారి, మూడు రోజులు. దాని పక్కన రెండో మందుగ పెట్టింది మాత్రం ల్యుమెఫాంట్రినే, రోజుకు ఒక్కసారి ఇస్తే సరిపోయేటట్టు మార్చి.